ఫ్లూ న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చిన నాయనకు రక్తం పలచబడే మాత్ర వేయాలా?

తాడిపత్రి_బిడ్డ | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర పల్లె. పదేళ్లుగా బెంగళూరులో, కేఆర్ పురంలో ఉంటున్నాం. మా నాయనకు 67 ఏళ్లు. మనవడి పుట్టినరోజుకని వచ్చి ఇక్కడే జ్వరంతో పడిపోయాడు. మూడో రోజుకు ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ 88కి పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. ఇన్‌ఫ్లుయెంజా ఏ అని తేలింది, రెండు వైపులా న్యుమోనియా. తొమ్మిది రోజులున్నాడు, అందులో నాలుగు రోజులు ఐసీయూలో. ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం పొట్ట మీద ఒక ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు. రక్తం గడ్డకట్టకుండా అన్నారు.

ఇంటికొచ్చి ఆరు రోజులైంది. డిశ్చార్జి కాగితంలో ఆ ఇంజెక్షన్ లేదు, దాని బదులు మాత్ర కూడా ఏమీ రాయలేదు. పై ఇంటావిడ చూసి, 2021లో వాళ్లాయనకు కోవిడ్ తగ్గాక నెల రోజులు రక్తం పలచబడే మాత్ర వాడామని, మీకు రాయడం మర్చిపోయారేమోనని అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మేమే ల్యాబ్‌కు పోయి డీ-డైమర్ అని, ఒంట్లో గడ్డ కట్టిందేమో అనుమానం చూసే రక్త పరీక్ష చేయించాం. 1.2 వచ్చింది, రిపోర్టులో ఎక్కువ అని గుర్తు పెట్టి ఇచ్చారు. మా తమ్ముడు ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్ మాత్రే) తెచ్చి ఇంట్లో పెట్టాడు. రివ్యూ శుక్రవారం. నాయనేమో ఆదివారం బస్సెక్కి ఊరికి పోతానంటున్నాడు. ఈలోగా మాత్ర వేయాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

హొరమావు_రమణ | మంగళవారం రాత్రి 10:05

వేసేయండమ్మా. మా నాన్నకు 2021లో కోవిడ్ వచ్చినప్పుడు ఇంట్లోనే ఎకోస్ప్రిన్ 75 వేశాం, రెండు నెలలు. ఏమీ కాలేదు. 75 అంటే చిన్న డోసే.

ఐసీయూ_పద్మ | మంగళవారం రాత్రి 11:20

ఇప్పుడే డ్యూటీ దిగి చూశాను. పదకొండేళ్లుగా ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. శుక్రవారం వరకు ఆ మాత్ర వేయొద్దమ్మా. రేపు పొద్దున మీ ఆసుపత్రి వార్డుకే ఫోన్ చేసి, మాత్ర కావాలనే రాయలేదా, మర్చిపోయారా అని నేరుగా అడగండి. ఇది అడగాల్సిన ప్రశ్నే, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ నాయనగారికి ఇచ్చింది చాలా వరకు ఎనాక్సాపారిన్ అయి ఉంటుంది, సాధారణంగా 40 మిల్లీగ్రాములు రోజుకొకసారి. హెపారిన్ జాతి మందు. ఆసుపత్రిలో మంచం పట్టినవాళ్లకు అది వైద్యం కాదు, కాపలా. ముందే నింపి వచ్చే సిరంజి, బొడ్డుకు కనీసం రెండు అంగుళాలు పక్కన, చర్మం మడత పట్టుకుని నిటారుగా గుచ్చుతాం. ఇచ్చిన చోట రుద్దకూడదు, రుద్దితే కమిలిపోతుంది. పొట్ట మీద నీలం మచ్చలు చూసి చాలామంది భయపడతారు. చిన్న మచ్చలైతే వాటంతట అవే పోతాయి.

ఇంటికి పంపేటప్పుడు ఆ కాపలా తీసేయడం తప్పు కాదు. మనిషి లేచి తిరుగుతున్నాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకటి చెప్పండి, ఆయన నడుస్తున్నారా? పిక్కల్లో ఒక వైపు మాత్రమే వాపు గానీ నొప్పి గానీ ఉందా? కిడ్నీ పరీక్ష ఎలా వచ్చింది?

తాడిపత్రి_బిడ్డ | మంగళవారం రాత్రి 11:38

నడుస్తున్నాడు అక్కా, కానీ ఎక్కువసేపు మంచం మీదే. బాత్రూముకు తనే పోతాడు. వాపేమీ కనపడలేదు. క్రియాటినిన్ 1.4 అని రాసి ఉంది.

ఛాతీ_పీజీ | బుధవారం ఉదయం 6:50

నేను బెంగళూరులోనే ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఆయన్ని చూడలేదు కాబట్టి దీన్ని మందుచీటీగా తీసుకోకండి. కానీ ఈ ప్రశ్న ప్రతి వారం ఎవరో ఒకరు కారిడార్‌లో నన్ను ఆపి అడుగుతారు, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

సిరల్లో రక్తం గడ్డకట్టడానికి మూడు దారులు. రక్తం కదలకుండా నిలవడం, నాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే స్వభావం పెరగడం. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద మేం ఈ మూడింటినీ చదువుకుంటాం. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 13, ఆ రోజునే ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుతారు. తీవ్రమైన వైరల్ న్యుమోనియాలో ఆ మూడూ ఒకేసారి వచ్చిపడతాయి. మన పిక్క కండరం బిగుసుకున్నప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు తోస్తుంది. మంచం మీద పడుకుంటే ఆ తోపు ఆగిపోతుంది. పైగా ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో పుట్టే వాపు నాళాల లోపలి పొరను, రక్తాన్ని రెండింటినీ మారుస్తుంది. అలా కాలిలో కట్టిన గడ్డ విడివడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే చేర్చుకున్న రోజే ఒక లెక్క వేస్తాం. పాడువా స్కోరు అంటారు, ఇటలీలోని పాడువా ఊరి పేరు. మంచం దిగలేని స్థితికి 3, ఊపిరి వైఫల్యానికి 1, ఇన్ఫెక్షన్‌కు 1. మీ నాయనగారికి అప్పుడు 5 అయి ఉంటుంది. 4 గానీ ఆ పైన గానీ వస్తే ప్రమాదం ఎక్కువ కింద లెక్క, రక్తస్రావం భయం లేకపోతే ఇంజెక్షన్ ఇస్తాం. 1999లో వచ్చిన మెడెనాక్స్ అనే పరిశోధనలో ఇలాంటి రోగులకు ఎనాక్సాపారిన్ 40 ఇస్తే సిరల్లో గడ్డలు 14.9 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గాయి. వాటిలో చాలా గడ్డలు బయటికి ఏ లక్షణమూ లేనివి, కాళ్ల సిరల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే కనపడినవి. అయినా మందు పని చేస్తుందన్నది స్పష్టం.

ఇప్పుడాయన నడుస్తున్నారు. ఆ స్కోరు వార్డులో ఉన్నవాళ్ల కోసం చేసింది, ఇంట్లో వాడేది కాదు. కానీ అందులో పెద్ద అంకె దేనిదో చూడండి. కదలకపోవడానిదే. మామూలు జబ్బుతో చేరి కోలుకున్నవాళ్లకు ఆసుపత్రిలో ఉన్నంతవరకే ఇచ్చి ఆపడం మేలని అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2018 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఇంతకు ముందు గడ్డ కట్టినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఇంకా లేవలేనివాళ్ల సంగతి వేరు. అది డాక్టరు కూర్చుని ఆలోచించాల్సిన విషయం.

హొరమావు_రమణ | బుధవారం ఉదయం 8:15

డాక్టరు గారూ, మరి కోవిడ్‌కు అప్పుడు అందరికీ ఎందుకిచ్చారు? అదీ వైరసే కదా. నేను వాదనకు అడగడం లేదు, మా నాన్నకు వేసింది నేనే కాబట్టి తెలుసుకోవాలని ఉంది.

ఛాతీ_పీజీ | బుధవారం మధ్యాహ్నం 2:30

మంచి ప్రశ్న అన్నా. 2020లో కోవిడ్ రోగుల్లో గడ్డలు విపరీతంగా కనపడ్డాయి. మందు డోసు పెంచితే ప్రాణాలు నిలుస్తాయేమోనన్న ఆశతో ఎవరికి తోచింది వాళ్లు చేశారు. తర్వాత లెక్కలు వచ్చాయి.

ఆస్పిరిన్ సంగతి ముందు. బ్రిటన్‌లో రికవరీ అనే పరిశోధనలో దాదాపు 15,000 మంది ఆసుపత్రి రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 28 రోజుల్లో మరణాలు రెండు గుంపుల్లోనూ 17 శాతమే. గడ్డలు 5.3 నుంచి 4.6 శాతానికి కొంచెం తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 1.0 నుంచి 1.6 శాతానికి పెరిగాయి. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టు అయింది. ఇంట్లోనే ఉండి కోలుకునేవాళ్లకు ఆస్పిరిన్ గానీ, అపిక్సాబాన్ అనే రక్తం పలచబడే మాత్ర గానీ ఇచ్చి చూసిన అమెరికా పరిశోధనను 657 మందితోనే ఆపేశారు, ఎందుకంటే వాళ్లలో గడ్డలు కట్టడమే చాలా అరుదు.

హెపారిన్ పూర్తి డోసు మీద 2021 ఆగస్టులో వచ్చిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. వార్డులో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు మేలు జరిగింది. వెంటిలేటర్ లాంటి సాయం లేకుండానే ఇంటికి పోయినవాళ్లు 76.4 నుంచి 80.2 శాతం అయ్యారు, రక్తస్రావం కూడా కొంచెం పెరిగింది. అప్పటికే ఐసీయూలో పడినవాళ్లకు మాత్రం ఏ మేలూ లేదు. ఒకే మందు, ఒకే జబ్బు. ఎప్పుడు ఇచ్చాం అన్నదే తేడా.

పై ఇంటావిడ చెప్పిన నెల రోజుల మాత్ర కూడా ఊరికే రాసింది కాకపోవచ్చు. బ్రెజిల్‌లో 320 మంది కోవిడ్ రోగులకు, అందులోనూ గడ్డ ప్రమాదం ఎక్కువున్నవాళ్లను ఏరి, ఇంటికి పంపేటప్పుడు రివరాక్సాబాన్ అనే రక్తం పలచబడే మాత్ర 10 మిల్లీగ్రాములు 35 రోజులు ఇస్తే గడ్డలు, వాటి వల్ల మరణాలు కలిపి 9 నుంచి 3 శాతానికి తగ్గాయి. కానీ అది ఆస్పిరిన్ కాదు, అందరికీ కాదు. ఫ్లూ మీద చేసిందీ కాదు.

మీరు మీ నాన్నగారికి వేసింది ప్రేమతో వేశారు, అప్పట్లో మాకే తెలియదు. దాని గురించి బాధపడకండి.

సూదిమొన | బుధవారం సాయంత్రం 6:10

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డీ-డైమర్ గురించి నా మాట. 1.2 అన్న అంకె పక్కన యూనిట్ చూశారా? కొన్ని ల్యాబ్‌లు మైక్రోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని నానోగ్రాముల్లో. 1.2 మైక్రోగ్రాములన్నా 1200 నానోగ్రాములన్నా ఒకటే. అది కాక ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు కొలతలున్నాయి, మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చి భయపడేవాళ్లను రోజూ చూస్తుంటాను.

ఇంకో మాట. ఈ పరీక్ష బాగున్నప్పుడే బాగా ఉపయోగపడుతుంది. గడ్డ ఉందన్న అనుమానం తక్కువగా ఉండి, అంకె కూడా తక్కువగా వస్తే గడ్డ లేదని నమ్మొచ్చు. ఎక్కువ వస్తే మాత్రం గడ్డ ఉన్నట్టు కాదు. న్యుమోనియా, ఆపరేషన్, గర్భం, పెద్ద వయసు, అన్నీ దాన్ని పెంచుతాయి. యాభై దాటినవాళ్లకు మామూలు హద్దు 500 నానోగ్రాముల బదులు వయసును పదితో గుణించి హద్దుగా పెట్టుకునే పద్ధతి ఉంది, మీ నాయనకు 670 అవుతుంది. దాన్ని కూడా దాటింది నిజమే, కానీ పదిహేను రోజుల కిందట రెండు ఊపిరితిత్తులూ న్యుమోనియాతో నిండిన మనిషికి దాటకపోతేనే నాకు ఆశ్చర్యం. కాగితం చూసి మందు వేయొద్దు. మళ్లీ మళ్లీ చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

కలువకొలను | బుధవారం రాత్రి 10:45

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులుగా అనుకుంటున్నాను. మా అన్నకు 44 ఏళ్లు. 2021 మేలో కోవిడ్ తగ్గి ఇంటికొచ్చాడు. పన్నెండో రోజు ఎడమ పిక్క పట్టేసిందన్నాడు. నీరసం వల్ల అనుకుని వదినా నేనూ కొబ్బరినూనె వేడి చేసి మర్దన చేశాం. రెండు రోజుల తర్వాత స్నానం చేసి వచ్చి కూర్చుని, ఊపిరి ఆడట్లేదు అన్నాడు. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఊపిరితిత్తుల్లోకి గడ్డ పోయి ఉంటుందని డాక్టర్లు చెప్పారు.

మందు గురించి నాకు తెలియదు. కానీ ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క గట్టిపడి వెచ్చగా, ఎర్రగా ఉన్నా మర్దన చేయకండి. అదే రోజు డాప్లర్ స్కాన్ (కాలి సిరల్లో రక్తం పారుతోందా అని చూసే స్కాన్) చేయించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే గుచ్చినట్టు ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా రేపటి దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఐసీయూ_పద్మ | బుధవారం రాత్రి 11:30

కలువకొలను గారూ, మీరు రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మర్దన మన ఇళ్లల్లో అందరూ చేసేదే. మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మేము.

మెడికల్‌షాప్_యూసుఫ్ | గురువారం ఉదయం 9:00

మాది కడప, మారతహళ్లిలో మందుల షాపు నాది. ఈ చర్చలో ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. వానాకాలంలో బెంగళూరులో ఫ్లూ, డెంగీ పక్కపక్కనే తిరుగుతుంటాయి. మొదటి రెండు మూడు రోజులు రెండూ ఒకేలా ఉంటాయి, జ్వరం, ఒళ్లు నొప్పులు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తస్రావం భయం ఉంటుంది. అప్పుడు ఆస్పిరిన్ గానీ, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు గానీ వేస్తే చేజేతులా ప్రమాదం కొనుక్కున్నట్టే. ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. కోవిడ్ తర్వాత జ్వరం రాగానే "ఒక స్ట్రిప్ ఎకోస్ప్రిన్ ఇవ్వన్నా, రక్తం గడ్డకట్టకుండా" అని అడిగేవాళ్లు చాలామంది అయ్యారు. నేను ఇవ్వను. కొందరు కోపంతో పక్క షాపుకు పోతారు, పోనీ.

పిల్లలకు ఫ్లూ, ఆటలమ్మ లాంటి జ్వరాల్లో ఆస్పిరిన్ అసలు వద్దు, రేస్ సిండ్రోమ్ అని లివరు, మెదడు దెబ్బతినే జబ్బు రావచ్చు. ఇంట్లో రివరాక్సాబాన్, అపిక్సాబాన్ వాడేవాళ్లుంటే వాళ్లకు నొప్పి మాత్రలు కలపకండి, కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది.

యలహంక_శేషు | గురువారం ఉదయం 9:40

నాకు 2019లో స్టెంట్ వేశారు, ఎకోస్ప్రిన్ వాడుతున్నాను. యూసుఫ్ అన్న రాసింది చూసి భయమేసింది. ఫ్లూ వస్తే ఆపేయాలా?

ఛాతీ_పీజీ | గురువారం ఉదయం 10:20

ఆపొద్దు శేషు గారూ. మీది వేరే లెక్క. ఫ్లూ ఖాయమైన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు ప్రమాదం ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడాలోని ఒంటారియో పరిశోధన చూపింది. గుండె కోసం రాసిన మందును సొంతంగా ఆపితే అసలుకే మోసం. జ్వరం వస్తే మీ గుండె డాక్టరుకు ఫోన్ చేయండి, డెంగీ అని తేలితే ఏం చేయాలో ఆయనే చెబుతారు. ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి.

మల్లెపందిరి | గురువారం మధ్యాహ్నం 1:15

మా మామయ్యగారు ఆసుపత్రిలో ఉన్నారు. కఠిన శాకాహారి. ఈ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి తీస్తారని ఎవరో చెప్పగా వద్దంటున్నారు. నిజమేనా? మాకు ఎటూ తోచట్లేదు.

మెడికల్‌షాప్_యూసుఫ్ | గురువారం మధ్యాహ్నం 1:50

నిజమే అక్కా. హెపారిన్, దాని నుంచి చేసే ఎనాక్సాపారిన్ రెండూ సాధారణంగా పంది పేగు పొర నుంచే వస్తాయి. మా అమ్మకు అవసరం పడినప్పుడు నేనూ ఇదే ఆలోచించాను. మా పెద్దలను అడిగితే, ప్రాణావసరం, వేరే దారి లేనప్పుడు వాడొచ్చన్నారు. వేరే దారి అడగడంలో కూడా తప్పు లేదు. ఫాండాపారినక్స్ అని ఫ్యాక్టరీలో తయారుచేసే మందుంది, జంతువుల నుంచి రాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఇవ్వరు. మామయ్యగారి మనసులోని మాట డాక్టరుకు చెప్పండి, దాచి ఇప్పించకండి.

తాడిపత్రి_బిడ్డ | గురువారం సాయంత్రం 7:00

అందరూ చెప్పింది నాయనకు చదివి వినిపించాను. కలువకొలను అక్క రాసింది చదివేటప్పుడు నా గొంతు పెగల్లేదు. ఎకోస్ప్రిన్ బీరువాలో పెట్టేశాం. వార్డుకు ఫోన్ చేస్తే, మాత్ర కావాలనే రాయలేదని, శుక్రవారం మాట్లాడదామని చెప్పారు. అక్కా, మరి ఇంట్లో ఏం చేయాలి? ఊరికి పంపొచ్చా?

ఐసీయూ_పద్మ | గురువారం రాత్రి 9:25

నడిపించండమ్మా. ఒకేసారి అరగంట కాదు, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి ఐదు నిమిషాలు. ఆయాసం రాకుండా, పక్కన మనిషి ఉండి. కూర్చున్నప్పుడు మడమ నేల మీద ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇరవై సార్లు. ఇంత చిన్న పనా అనిపిస్తుంది, కానీ పిక్క కండరం పని చేసేది అలాగే. గుండె, కిడ్నీ గురించి నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పకపోతే నీళ్లు బాగా తాగించండి, ఒళ్లు ఎండిపోకూడదు.

బస్సు మాత్రం ఆదివారం వద్దు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే గడ్డ ప్రమాదం పెరుగుతుంది. మీ ఊరు ఐదారు గంటలు కదా, అందులోనూ ఇరుకు సీట్లు.

బనశంకరి_లలిత | శుక్రవారం ఉదయం 11:10

ఈ చర్చ చదవడం మా అమ్మకు మేలు చేసింది, అందుకే రాస్తున్నాను. అమ్మ న్యుమోనియాతో ఒక ఆసుపత్రిలో ఉంది. మంగళవారం ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. నిన్న రాత్రి పద్మ గారు రాసింది చదివి, పొట్ట మీద ఇంజెక్షన్ ఇస్తున్నారా అని అమ్మను అడిగితే, ఇక్కడికి వచ్చాక ఇవ్వలేదంది. డ్యూటీ నర్సును నెమ్మదిగా అడిగాను. ఆమె కేస్ షీట్ తిరగేసి, మందుల చార్టు కొత్తగా రాసినప్పుడు ఆ ఒక్క వరస రాలేదని గుర్తించింది. డాక్టరు వచ్చి ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెట్టారు. అమ్మ ఇంకా మంచం దిగడం లేదు. మూడు రోజులు కాపలా లేకుండానే గడిచింది.

ఐసీయూ_పద్మ | శుక్రవారం మధ్యాహ్నం 12:05

వార్డు మారేటప్పుడే ఎక్కువగా జారిపోతుంది లలిత గారూ. ఇంట్లోవాళ్లు అడిగితే మాకు కోపం రాదు. రాకూడదు కూడా. హెపారిన్ మొదలైన ఐదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు హఠాత్తుగా సగానికి పడిపోవడం అరుదుగా జరుగుతుంది, ఆ పరీక్ష కూడా అడుగుతూ ఉండండి. ఒకవేళ రక్తస్రావం భయంతో మందు ఆపాల్సి వస్తే, పిక్కలకు చుట్టి గాలితో నొక్కే పంపులుంటాయి, అవి పెడతారా అని అడగండి.

తాడిపత్రి_బిడ్డ | శనివారం ఉదయం 8:30

నిన్న రివ్యూ అయింది. డాక్టరు పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు పిక్కలకూ టేపు పెట్టి కొలిచారు, ఒకటే కొలత. మూడు సెంటీమీటర్లు దాటి తేడా ఉంటే అనుమానించాలట. ఇంతకు ముందు గడ్డ కట్టలేదు, క్యాన్సర్ లేదు, నడుస్తున్నాడు, కాబట్టి మాత్ర అక్కర్లేదన్నారు. క్రియాటినిన్ మళ్లీ చేయించమన్నారు. డీ-డైమర్ మాత్రం మళ్లీ వద్దన్నారు, సూదిమొన గారు చెప్పినట్టే. ప్రయాణం రెండు వారాలు వాయిదా, అప్పుడు కూడా కారులో, దారిలో ఆగి దిగి నడుస్తూ పొమ్మన్నారు. నాయన ఒప్పుకున్నాడు, కొంచెం అలిగి.

మా అంతస్తు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నిన్న పన్నెండు సార్లు తిరిగాడు. మా పిల్లోడు పక్కన నడుస్తూ క్యాలెండర్ మీద గీతలు పెడుతున్నాడు. పై ఇంటావిడకు కూడా ఈ చర్చ పంపాను.

అమ్మకు 63, షుగరుంది. ఆమెకు ఫ్లూ టీకా ఈ వారమే వేయించవచ్చా అక్కా?

ఐసీయూ_పద్మ | శనివారం ఉదయం 9:15

జ్వరం లేకపోతే వేయించమ్మా. నీకు కూడా.